కూర్చోవడం మానేసిన మాస్టరమ్మ

కోటు అంగుళం పొట్టిగా ఉందని హోటలు మేనేజరు దర్జీ కొట్టు అదిరేలా అరిచిన రోజున కాజాల వదిన చేతిలో సూది ఆగిపోయింది. గుడ్డ తానే కొనిచ్చానని, కోటూ ప్యాంటూ పోగా బోలెడు మిగలాలని, ఆ మిగిలింది వీళ్ళు నొక్కేసి తనకు కురచ కోటు తగిలించారని ఆయన ఫిర్యాదు. మిషన్ల మీదున్న ఇద్దరూ తలలు వంచుకున్నారు. ఇస్త్రీ బల్ల దగ్గరున్న మాస్టరమ్మ మొగుడుగారు ఆవిరి చాటున దాక్కున్నాడు. మాస్టరమ్మ ఒక్కతే, మెడలో టేపు, చేతిలో సుద్దబిళ్ళ, ఆయన అరుపు పూర్తయ్యేదాకా నిలబడింది. పూర్తయ్యాక కోటూ ప్యాంటూ అందుకుని మిషన్ మీదున్నతనికిచ్చి, "విప్పెయ్" అంది.

విప్పడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా మేనేజరుకు కూర్చోవాలో వెళ్ళాలో తెలియలేదు. మాస్టరమ్మ బల్ల కింద నుంచి ఆయన చీటీ కట్టిన సంచి తీసింది. ఎవరి గుడ్డలో కోసిన పీలికలు వాళ్ళ సంచిలో దాచి, బట్టలతో పాటు అప్పగించడం ఆ కొట్టు పద్ధతి. కోటు ముక్కలూ, ప్యాంటు ముక్కలూ, చంక కింద తీసేసిన నెలవంకలూ, వేలెడు పీలికలూ పోగు వాటం చూసి పక్కపక్కనే పేర్చుకుంటూ పోయింది. చివరికి కత్తెర తగలకముందు ఎలా ఉందో అలా, గుడ్డంతా బల్ల మీద పరుచుకుంది. ఒక్క మూల మాత్రం అరచేయంత ఖాళీ. మేనేజరు ఆ ఖాళీ మీద వేలు పెట్టి, "ఇదేమైంది?" అన్నాడు, దొంగను పట్టినవాడిలా.

"అది మీ జేబులో ఉంది. టైకి రంగు కలపాలని కొలతల రోజున మీరే కోయించుకుపోయారు" అంది మాస్టరమ్మ.

ఆయన పర్సులోనే ఉంది. తీసి అక్కడ పెడితే గుడ్డ నిండిపోయింది. మరి పొట్టెందుకైందంటే, దానికీ జవాబుంది. "కొలత తీసుకున్నప్పుడు మీరు ఊపిరి బిగబట్టారు. వదలండన్నాను, వదిలానన్నారు. లోపల దాచిన పొట్ట బయటికొస్తే కోటు ముందు పైకి లేవదూ? మీ మాట నమ్మలేదు కాబట్టే అంచు మడతలో అంగుళమున్నర ఎక్కువ వదిలాను. ఇప్పుడు మామూలుగా నిలబడండి." ఆయన నిలబడ్డాడు, ఈసారి నిజంగానే. ఆ తరవాత ఆ హోటల్లో పనిచేసే వాళ్ళందరి కోట్లూ ఆ కొట్టుకే వచ్చాయి.

ఆ పూట కాజాల వదినకు మరదలి మీద గొప్ప గౌరవం కలిగింది. పైకి మాత్రం, "అరగంట పని పాడైంది" అంది. మరదల్ని మెచ్చుకుంటే ఆడపడుచు నోరు పుండవుతుందని ఆవిడ నమ్మకం.

ఆవిడకు డెబ్భై దాటాయి. చదువు మూడో తరగతితో ముగిసింది గానీ, దానికి చింతించిన పాపాన పోలేదు. చదువుకున్నవాళ్ళ చొక్కాలన్నీ తన కాజాలతోనే మూతపడుతున్నాయని ఆవిడ ధీమా. ఇస్త్రీ చేసేవాడు ఆవిడ తమ్ముడు. తమ్ముడి పెళ్ళాం మాస్టరమ్మ. కొట్టు మాస్టరమ్మ తండ్రిది. ఆయన్ని అందరూ పెద్ద మాస్టారు అనేవారు. ఆయన పోయేనాటికి ఈవిడకు ఇరవయ్యొక్క ఏళ్ళు. ఆడపిల్ల కత్తెర పట్టుకుంటే మగవాళ్ళు కొలతలిస్తారా అని వీధి వీధంతా సందేహపడింది. వాళ్ళే వచ్చి వరుసలో నిలబడ్డారు. ఒంటికి కోటు సరిగ్గా పడుతుంటే కత్తెర పట్టుకున్నది ఎవరని ఎవడడుగుతాడు?

మాస్టరమ్మ మనిషి చూస్తే పూచికపుల్ల. నడుస్తుంటే కత్తెరే రెండు కాళ్ళతో వస్తున్నట్టుంటుంది. గుణాలు చెప్పుకుంటూ పోతే కాజాల వదిన ఒప్పుకోదు కనుక లోపాలే చెప్పుకోవాలి. బస్సులో ముందు సీట్లో కూర్చున్న వాడి కాలరు చూసి నిట్టూర్చేది. ఒకసారి నిట్టూర్పు చాలక వేలితో సర్దింది కూడా. ఇంట్లో కూరగాయలు కోస్తే అన్నీ ఒకే పొడుగు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, ఆ నాలుగోది చూపించినా కుట్టు తప్పంటుంది. ఒంట్లో బాగాలేదన్న మాట ఆవిడ నోట పెళ్ళయినప్పటి నుంచీ ఎవరూ వినలేదు. జలుబు చేస్తే కూడా గుడ్డలో దుమ్ము అనేది.

అలాంటి మనిషి యాభై రెండో ఏట కూర్చోవడం మానేసింది.

మొదట ఎవరూ గమనించలేదు. కటింగు చేసేవాళ్ళు ఎలాగూ నిలబడే ఉంటారు. మధ్యాహ్నం అన్నం కూడా బల్లకు ఆనుకుని నిలబడే తింటోందని కాజాల వదిన కళ్ళకే ముందు పడింది. టీ నిలబడే. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కమ్మీ పట్టుకుని నిలబడే. సాయంత్రం ఇంటికెళ్ళాక, తుడిచిన అలమారే మళ్ళీ తుడుస్తూ తిరిగేది. "మడమల్లో స్ప్రింగులేమైనా వేయించుకున్నావా?" అని వదిన అడిగితే, పని ఉంది అంది. మిషన్ల వాళ్ళు, మాస్టరమ్మ ఎంత కష్టజీవి అని మురిసిపోయారు. ఇస్త్రీ మొగుడు పెళ్ళాం ఓపిక చూసి గర్వపడ్డాడు. కాజాల వదిన మాత్రం మురవలేదు. పని ఉన్న మనిషి నిలబడ్డం వేరు, భయపడ్డ మనిషి నిలబడ్డం వేరు. డెబ్భై ఏళ్ళు ఊరికే రావు.

ఒకరోజు ఆవిడ కావాలనే దారం ఉండ చిక్కు చేసింది. "కళ్ళు కనిపించి చావడం లేదు, కాస్త కూర్చుని ఈ చివర పట్టుకో" అని మరదల్ని పక్కన కూలేసింది. రెండు నిమిషాలు బాగానే గడిచాయి. మూడో నిమిషంలో మాస్టరమ్మ మొహం తెల్లగుడ్డలా అయింది. చెయ్యి దారం వదిలి గొంతు కింద గుంట మీదికి వెళ్ళింది. ఆ గుంటలో ఏదో గబగబా ఎగరడం వదినకు కనిపించింది, పట్టుకున్న పిట్ట గుండెలా. కాసేపటికి ఎవరో స్విచ్ నొక్కినట్టు టక్కున ఆగింది. మాస్టరమ్మ లేచి, "చిక్కు నువ్వే వేశావు" అని బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

వదిన వదిలే రకమా? ఆ సాయంత్రం కొట్టు కట్టేదాకా మాటలతో గుచ్చి గుచ్చి రాబట్టింది. మూడు నెలలుగా అలా ఉందట. కూర్చున్నప్పుడో పడుకున్నప్పుడో ఉన్నట్టుండి గుండె దడదడమంటుంది. కాసేపు దౌడు తీసి, మొదలైనట్టే ఆగిపోతుంది. పనిలో ఉన్నంతసేపూ రాదు. కాబట్టి మాస్టరమ్మ తేల్చిన తీర్పు ఏమిటంటే, జబ్బు గుండెది కాదు, కూర్చోవడానిది. కూర్చోకపోతే సరి.

ఈ తెలివికి నవ్వాలి. కాజాల వదినకు మాత్రం నవ్వు రాలేదు. కొట్టు వెనక గోడ దగ్గర ఒక స్టూలుంది. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా దాని మీద దారపు రీళ్ళు తప్ప మనిషి కూర్చోలేదు. పెద్ద మాస్టారు ఒక పొద్దున కోటు కోసి, గుండె దడగా ఉందని ఆ స్టూలు మీద కూర్చుని, మళ్ళీ లేవలేదు. అప్పటికి ఆయనకు యాభై మూడు. అప్పుడు కొట్టు వాళ్ళల్లో దగ్గరున్నది కూతురొక్కతే. కాజాల వదిన అప్పటికే అక్కడ పనిచేస్తోంది గానీ, ఆ పూట గుండీలు కొనడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ సంగతి ఆ తరవాత కొట్లో ఎవరూ ఎత్తలేదు. మాస్టరమ్మకు వచ్చే ఏడు యాభై మూడు. ఆవిడ దేన్నుంచి తప్పించుకు నిలబడుతోందో వదినకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్దామంటే మాస్టరమ్మ చెవిన పెట్టలేదు. ఇస్త్రీ మొగుడు గ్యాస్ అన్నాడు. మిషన్ మీదున్న ఒకతను రక్తం తక్కువన్నాడు, రెండో అతను ఆలోచనలన్నాడు. "ఇంతమంది డాక్టర్లు ఇక్కడే కూర్చుంటే పాపం ఆసుపత్రిలో గుండీలెవరు కుడుతున్నారో" అంది కాజాల వదిన. చివరికి, రానంటే మేనేజరుగారి హోటలుకెళ్ళి అందరికీ చెప్పొస్తానని బెదిరించింది. ఆ బెదిరింపు పనిచేసింది. వదిన ఒకసారి చెప్పడం మొదలుపెడితే జబ్బు కన్నా ముందు ఆ కబురే ఊరు చుట్టివస్తుంది.

మందుల షాపు పైన మేడ మీద డాక్టరమ్మ. నిన్నమొన్నటి పిల్ల; వదిన కళ్ళకు ఆ పిల్ల తెల్లకోటు భుజాలు అరంగుళం జారి ఉన్నాయి గానీ మాట మాత్రం సరిగ్గా కుదిరింది. మాస్టరమ్మ వదినను బయట బెంచీ మీద కూర్చోబెట్టి తానొక్కతే లోపలికెళ్ళింది. తలుపు కాస్త తెరిచే ఉంది. కాజాల వదినకు ఆ కాస్త చాలు. చదువు రాని వాళ్ళకు చెవులే పలక.

ఎప్పుడు మొదలైందంటే మాస్టరమ్మ మొన్నీమధ్యే అంది. ఎంతసేపుంటుందంటే రెప్పపాటంది. టీ ఎన్నిసార్లంటే రెండంది. కొట్లో కెటిల్‌కే తెలుసు నిజం. ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బుందా అంటే, "అందరూ బాగానే ఉన్నారు" అంది. ఉన్నవాళ్ళు బాగానే ఉన్నారు మరి, అది అబద్ధం కాదు. పోయినవాళ్ళ సంగతి డాక్టరమ్మ అడగలేదు, ఈవిడ చెప్పలేదు. ఈసీజీ తీస్తే గీతలన్నీ టాకాలేసినట్టు ఒకే వరుసలో వచ్చాయి. అప్పుడు దడ లేదుగా మరి.

డాక్టరమ్మ తాపీగా చెప్పింది. ఊరికే ఉన్నప్పుడు గుండె కొట్టుకోవడం తెలియడం చాలామందికి ఉండేదే. చుట్టూ సద్దు లేనప్పుడు లోపలి సద్దు వినబడుతుంది. టీ కాఫీలు మితిమీరినా, నిద్ర చాలకపోయినా, దిగులున్నా, జ్వరమొచ్చినా వస్తుంది. రక్తం తక్కువైనా, మెడలో థైరాయిడ్ గ్రంథి తేడా చేసినా, ఈ వయసులో నెలసరి ఆగేముందూ వస్తుంది. కొన్ని మందుల వల్లా వస్తుంది. వాటికి రక్తపరీక్షలు రాసింది. అయితే మాటిమాటికీ వస్తున్నా, ఎక్కువసేపు ఉంటున్నా ఊరుకోకూడదు. వచ్చినప్పుడు మణికట్టు పట్టుకుని అరనిమిషం లెక్కపెట్టాలి, లెక్క సమంగా ఉందో తప్పుతోందో చూడాలి. దడతో పాటు గుండెల్లో నొప్పి గానీ బరువు గానీ, ఊపిరందకపోవడం గానీ, కళ్ళు చీకట్లు కమ్మి పడిపోబోవడం గానీ ఉంటే మాత్రం, ఇంటి వైద్యమూ వద్దు, చూద్దామనీ వద్దు, ఆ నిమిషమే అంబులెన్సు పిలవాలి.

అంతా చెప్పి, ఒక రోజంతా గుండె ఎలా కొట్టుకుంటోందో రాసుకునే చిన్న మిషన్ ఛాతీకి అతికించింది. మామూలుగా ఎలా ఉంటారో అలాగే ఉండండి అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

మాస్టరమ్మ ఆ రోజు ఉన్నట్టు జన్మలో ఎప్పుడూ ఉండలేదు. టీ ముట్టలేదు. తెల్లవారక ముందే లేచి నిలబడ్డది నిలబడ్డట్టే ఉంది. ఎవరూ అడగని పిల్లల చొక్కాలు పన్నెండు కోసింది. పడుకోవాల్సి వచ్చినప్పుడు కూడా, ఏ పక్కకు తిరిగితే దడ వస్తుందో ఆ పక్కకు తిరగకుండా వీపుకు రెండు దిండ్లు అడ్డం పెట్టుకుంది. మర్నాడు మిషన్ ఇచ్చేసింది. రక్తపరీక్షలూ బాగున్నాయి, మిషన్ కాగితమూ బాగుంది. ఆ కాగితాన్ని కొట్లో అద్దం పక్కన పిన్నుతో గుచ్చింది, మంచి మార్కులొచ్చిన పిల్లలా.

కాజాల వదిన ఆ కాగితం ముందు నిలబడి చాలాసేపు చూసింది. అక్షరాలు ఆవిడకు అంతంత మాత్రం. మనిషిని చదవడం మాత్రం బాగా వచ్చు.

"ఆ మేనేజరు పొట్ట బిగబట్టాడని కోటు విప్పించావు. నువ్వేమో రోజంతా గుండె బిగబట్టి మిషన్‌కి కొలతిచ్చొచ్చావు. ఆయనకు పొట్టి కోటుతో పోయింది. నీకేమొస్తుందే?"

మాస్టరమ్మ కత్తెర ఆగలేదు. "నీ కాజాలు నువ్వు కుట్టుకో వదినా" అంది.

"కుట్టుకుంటాను. నువ్వు లేకపోతే వాటిల్లో గుండీలు పెట్టుకునే బట్టలేవీ?"

అద్దం పక్కన కాగితం అలాగే ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒక రిటైరైన స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు ట్రయల్‌కి వచ్చాడు. ఆయన గుండీలు పెట్టుకునే తీరు చూస్తే ఒక్కొక్క గుండీకీ అర్జీ పెట్టుకుని అనుమతి తెచ్చుకుంటున్నట్టుంటుంది. మాస్టరమ్మ టేపు పట్టుకుని ఎదురుగా నిలబడింది. చేతిలో పనిలేదు, మనిషి మాత్రం నిలబడే ఉంది. కూర్చున్నా లేకున్నా తనకేమిటనుకుందేమో, గుండె అక్కడే మొదలుపెట్టింది. నిలబడితే రాదన్న సిద్ధాంతం ఆయన మూడో గుండీ దగ్గరే కూలిపోయింది. ఐదో గుండీకి మాస్టరమ్మ చేతిలో టేపు జారింది. గోడ పట్టుకుంది. నుదురంతా చెమట.

"కళ్ళు మసకేస్తున్నాయి వదినా" అంది.

ఆ మాట అన్నది ఒంట్లో బాగాలేదని ఎప్పుడూ అనని మనిషి. ఇస్త్రీ పెట్టె వదిలేసి మొగుడు పరుగున వచ్చి, కాస్త పడుకుంటే సర్దుకుంటుందన్నాడు. ఆవిడ కూడా ఐదు నిమిషాలు చూద్దామంది. మిషన్ మీదున్నతను వేడివేడిగా టీ తెస్తానన్నాడు.

"చూడ్డానికి ఇదేమైనా సినిమానా? కళ్ళు మసకలంటే చూద్దామనొద్దంది ఆ పిల్ల. ఫోను చెయ్యరా" అంది కాజాల వదిన తమ్ముడితో.

కటింగు బల్ల మీదున్న గుడ్డలన్నీ ఒక్క చేత్తో కిందికి తోసేసి మాస్టరమ్మను దాని మీద పడుకోబెట్టారు. ఆ బల్ల మీద గుడ్డకు కొలత తప్పడం చూసినవాళ్ళు లేరు, ఇప్పుడు దాని మీద మనిషి గుండె లెక్క తప్పింది. వదిన ఆవిడ మణికట్టు పట్టుకుని గోడ గడియారం వైపు చూసింది. నూరు దాటితే ఆవిడకు లెక్కల మీద విరక్తి, అయినా ఆ అవసరం రాలేదు. తొంభై లెక్కపెట్టేసరికి ముల్లు సగమే తిరిగింది. ఇన్‌స్పెక్టరు సగం గుండీలతో బయటికెళ్ళి అంబులెన్సుకు దారి చూపించాడు. ఆ ఒక్కపనీ ఆయన చురుగ్గానే చేశాడు.

ఆసుపత్రిలో ఈసీజీ కాగితం బయటికి వస్తుంటే అక్కడి డాక్టరు మొహం వెలిగింది. ఇన్నాళ్ళూ చేతికి దొరకని దొంగ సాక్ష్యంతో సహా దొరికాడు. వదిన తాను లెక్కపెట్టింది చెబితే, ఆయన కాగితం చూసి, నిమిషానికి నూట ఎనభై, మీ లెక్క కరెక్టే అన్నాడు. ఆ మాట ఆవిడ మూడు రోజుల పాటు ఎదురుపడ్డ వాళ్ళందరికీ చెప్పింది. ముందు మాస్టరమ్మ చేత ఊపిరి బిగబట్టి గట్టిగా ఊదించారు. ఆగలేదు. చేతి నరంలోకి మందెక్కించారు. ఒక్క క్షణం గుండె గుమ్మంలో ఆగి ఆలోచించినట్టయి, మళ్ళీ మామూలు నడక పట్టింది.

డాక్టరు వివరించాడు. గుండె కొట్టుకోమని చెప్పే కరెంటుకు లోపల దారులుంటాయట. ఈవిడకు మామూలు దారి పక్కన ఇంకో దొంగదారి ఉన్నట్టుంది. కరెంటు ముందుకు పోకుండా ఆ రెండిట్లో గిరగిరా తిరిగినప్పుడు గుండె పరుగెడుతుంది. కూర్చున్నా రావచ్చు, నిలబడ్డా రావచ్చు, అది వచ్చేది దాని ఇష్టం. చాలామందికి దీనితో ప్రాణభయం ఉండదు. మందులున్నాయి, లేదంటే కాలి నరం గుండా సన్నటి తీగ పంపి ఆ దొంగదారిని మూసేస్తారు. అయితే అదొక్కటేనా, గుండె కండరంలో ఇంకేదైనా ఉందా అన్నది స్కానింగు చేసి గుండె డాక్టరు తేల్చాలి. అది చెప్పి ఆయన అడిగాడు. ఇంట్లో చిన్న వయసులో, ఉన్నట్టుండి పోయినవాళ్ళెవరైనా ఉన్నారా అని. అది తెలిస్తే చూసే చూపే మారుతుందన్నాడు.

"లేరు" అంది మాస్టరమ్మ.

ఇస్త్రీ మొగుడు నేల చూపులు చూశాడు. కాజాల వదిన నోరు తెరిచి, మూసింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా అంటారు. ఆ పూట నువ్వుల బస్తాయే నానింది. తండ్రి మాస్టరమ్మ తండ్రి. ముప్ఫయ్యొక్క ఏళ్ళు మూసిపెట్టిన మాటను పరాయి మంచం పక్కన నిలబడి తాను విప్పడం ఎలా? విప్పకపోతే ఎలా? మింగలేక కక్కలేక అన్న మాట అంతకు ముందు చాలామందిని ఉద్దేశించి వాడింది గానీ, అది అంత చేదుగా ఉంటుందని ఆవిడకు అప్పటిదాకా తెలియదు.

గుండె డాక్టరు అపాయింట్‌మెంటు మూడు రోజుల తరవాత దొరికింది. ఆ మూడు రోజులూ ఇంట్లో మాస్టరమ్మను పనిచేయనివ్వలేదు. వదిన తన కాజాల డబ్బాతో సహా అక్కడే మకాం పెట్టింది. కూర్చో అంటే మరదలు కూర్చునేది. కూర్చున్న ప్రతిసారీ కుర్చీ అంచు మీద, పరీక్ష హాల్లో కాగితం ఇవ్వకముందు కూర్చున్న పిల్లలా. వదిన మాటలన్నీ కాజాల గురించే. ఫలానా దర్జీ గుడ్డ పాడుచేశాడు, ఫలానా వాడి కాలరు కుక్కచెవిలా ఉంది అని. పెద్ద మాస్టారి ఊసు రానివ్వలేదు. రెండో రోజు మాస్టరమ్మే విసుక్కుంది: "ఏమైంది నీకు, ఒంట్లో బాగాలేదా? నన్ను తిట్టి రెండు రోజులైంది."

మూడో రోజు పొద్దున గుండె డాక్టరు గది ముందు పొడవాటి బెంచీ. ముందు ఆరుగురున్నారు. మాస్టరమ్మ ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి చొక్కా చూస్తోంది. చంక దగ్గర లాగుతోంది, ఆవిడకు అది బాధ. ఇస్త్రీ మొగుడు చీటీ రాయించడానికి వెళ్ళాడు. ముందున్న వాళ్ళు ఒక్కొక్కరే లోపలికెళ్తుంటే మాస్టరమ్మ చేతులు ఒడిలో ఊరికే ఉన్న గుడ్డసంచి అంచు మడుస్తున్నాయి, విప్పుతున్నాయి. ఇద్దరు మిగిలారు.

"ఆరోజు నువ్వు గుండీలకు వెళ్ళావు" అంది ఉన్నట్టుండి, చొక్కా మీది నుంచి చూపు తిప్పకుండా.

ఏ రోజని వదిన అడగలేదు.

"నాన్న దడగా ఉందన్నాడు. చెమటలు పోస్తున్నాయి. డాక్టరు దగ్గరికి పోదామా అన్నాడు వదినా, ఆయనే అడిగాడు. ఎదురుగా ట్రయల్‌కి మనిషి కూర్చునున్నాడు. కాసేపు కూర్చో నాన్నా, అదే సర్దుకుంటుంది అన్నాను. స్టూలు నేనే లాక్కొచ్చి వేశాను. నా మాట విని కూర్చున్నాడు."

కాజాల వదినకు చెప్పడానికి వంద మాటలున్నాయి. ఇరవయ్యొక్క ఏళ్ళ పిల్లకు ఏం తెలుస్తుందని, మొన్న ఇదే మాట తన తమ్ముడూ అన్నాడని, అది తెలియకపోవడం నేరం కాదని. అవన్నీ పక్కనపెట్టి, మరదలి చేతిలో నలుగుతున్న సంచి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. ఆ ఖాళీ చేతిని పట్టుకుంది. ఈసారి లెక్కపెట్టడానికి కాదు.

"ఇంతకాలం ఇది దాచుకున్నావా? ఒక్క పీలిక కూడా ఎవరిదీ దాచని దానివి" అంది చివరికి.

మాస్టరమ్మ నవ్వబోయింది, కుదరలేదు. లోపలి నుంచి వాళ్ళ నంబరు పిలిచారు. లేచింది. తలుపు దాకా వెళ్ళి, వదిన బెంచీ మీదే ఉండటం చూసి వెనక్కి వచ్చింది.

"నువ్వూ లోపలికి రా. ఆయన అడుగుతాడు. అడిగితే నేను మళ్ళీ లేరనే అంటాను, నా నోటి సంగతి నాకు తెలుసు. నువ్వు చెప్పు. నాన్న వయసు చెప్పు, దడ చెప్పు, చెమట చెప్పు. కూర్చోమన్నది నేనని కూడా చెప్పు. నేను మధ్యలో ఆపమన్నా సరే, నువ్వు మాత్రం ఆపకు వదినా."